మత్తుమందులు – మనోనిగ్రహము

సికింద్రాబాదులోని మారేడ్‌పల్లి పేరులో నేటికిని పల్లె నిలిచియున్నది. ఊరు మాత్రము ఏనాడో నగరములో కలిసిపోయినది. అక్కడి కళాశాలలలోను, సాంకేతిక విద్యాసంస్థలలోను చదువుటకు పల్లెల నుండి బాలబాలికలు వచ్చుచుందురు. ఆ ప్రాంతమునకు కొలది దూరమున, బేగంపేటలో, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మలేరియాపై చేసిన కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించెను. అంతకుముందు ఆ జ్వరము చెడుగాలి వలన వచ్చునని లోకము చిరకాలము నమ్మియుండెను. దోమ కారణమని తెలిసిన పిమ్మట చేయవలసిన పని స్పష్టమైనది. మురుగుగుంటలను పూడ్పించుట, మందు చల్లించుట నేటికిని పంచాయతీలు చేయుచున్న కార్యములే.

మత్తుమందుల విషయమునను కారణము తెలిసికొనుట అంతటి ముఖ్యమైన పని. వానికి అలవాటుపడిన యువకుని "బుద్ధి లేనివాడు", "సిగ్గు విడిచినవాడు" అని ఊరు నిందించును. పెద్దలు మందలింతురు, తల్లి కన్నీరు పెట్టును. అతడు దేవుని యెదుట ఒట్టు పెట్టుకొనును. పెట్టుకొనునప్పుడు ఆ ఒట్టు నిజమైనదే కావచ్చును. అయినను కొలది వారములలో అది తప్పును. పిమ్మట ఊరు అతనిని రెండవసారి నమ్మదు.

ఆ ఒట్టు ఏల నిలువలేదు? గత ముప్పది నలుబది యేండ్లలో మెదడును గూర్చి జరిగిన పరిశోధనలు ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానము చెప్పుచున్నవి. ఆ సమాధానము పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట అవసరము. ఏలయన, ఇట్టి యువకుని విషయమున ఊరు మొదట తీసికొను నిర్ణయముపై అతని బాగోగులు ఎంతయో ఆధారపడియుండును.

మత్తుమందులన్నియు ఒక తీరువి కావు

మన పల్లెలకు ఎక్కువ పరిచయమైనవి మెదడు పనిని మందగింపజేయు మందులు. కల్తీ కల్లులో కలుపు ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ ఈ తెగవి. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు, నిజామాబాదు మొదలైన జిల్లాలలో దానికి అలవాటుపడినవారు వణుకు, మూర్ఛ, మతిభ్రమణములతో ఆసుపత్రుల పాలైరి. 2025 సెప్టెంబరులో, మారేడ్‌పల్లికి సమీపమునగల పాత బోయిన్‌పల్లిలో, ఒక ప్రైవేటు పాఠశాల భవనముననే ఆల్ప్రజోలం తయారుచేయుచుండగా తెలంగాణ పోలీసు శాఖ యొక్క ఈగల్ దళమువారు పట్టుకొనిరి. నగరములో తయారగు విషము పల్లెలోని కల్లు దుకాణమునకు ఎట్లు చేరునో తెలిసికొనుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

రెండవ తెగ ఉత్తేజకములు. ఇవి మెదడును మందగింపజేయవు. కొరడాతో కొట్టినట్లు పరుగెత్తించును. కొకైన్, ఆంఫెటమిన్, మెథాంఫెటమిన్, మెఫెడ్రోన్ అనునవి ఇందులో ముఖ్యమైనవి. మెథాంఫెటమిన్‌ను "ఐస్" అనియు, "క్రిస్టల్" అనియు, మెఫెడ్రోన్‌ను "ఎం.డి." అనియు అమ్మకందారులు పిలుచుచున్నారు. వీనిని పుచ్చుకొన్నవానికి కొన్ని గంటలపాటు ఆకలి, నిద్ర, అలసట తెలియవు. అంతులేని ఉత్సాహము కలిగినట్లుండును. "రాత్రియంతయు చదువవచ్చును", "ఎంత పనియైనను అలవోకగా చేయవచ్చును" అను మాటలే వీనికి ఎర. ఈ వ్యాసము ముఖ్యముగా ఈ రెండవ తెగను గూర్చినది.

ఈ ఎర కొత్తది కాదు. జపాను దేశీయుడైన నగాయ్ నగయోషి అను శాస్త్రజ్ఞుడు 1893లో మెథాంఫెటమిన్‌ను తయారుచేసెను. రెండవ ప్రపంచయుద్ధములో అనేక దేశముల సైన్యములు నిద్ర రాకుండుటకు సైనికులకు ఈ జాతి మాత్రలను పంచిపెట్టినవి. యుద్ధానంతరము జపానులో ఆ మందు జనులలో వ్యాపించి మహావ్యసనమై, 1951లో ఉత్తేజకములను అదుపుచేయు ప్రత్యేక శాసనము చేయవలసివచ్చెను. మన దేశములో మత్తుమందుల నియంత్రణకు 1985లో ఎన్.డి.పి.ఎస్. చట్టము వచ్చినది, మెఫెడ్రోన్‌ను 2015లో ఆ చట్టము క్రిందికి తెచ్చిరి. 2025 సెప్టెంబరులో మెఫెడ్రోన్ కేసును దర్యాప్తు చేయుచు మహారాష్ట్ర పోలీసులు హైదరాబాదు శివారున చర్లపల్లి వరకు వచ్చి ఒక రసాయన కర్మాగారముపై దాడి చేసిరి.

భారత ప్రభుత్వము 2019లో ప్రకటించిన జాతీయ సర్వేలో, 10 మొదలు 75 ఏండ్ల వయస్సుగలవారిలో ఆంఫెటమిన్ జాతి ఉత్తేజకములు వాడువారు 0.18 శాతమనియు, కొకైన్ వాడువారు 0.10 శాతమనియు తేలినది. నిద్రమందుల వంటివానిని వాడువారు 1.08 శాతము. ఉత్తేజకముల వ్యాప్తి అప్పటికి తక్కువగానే ఉండెనని దీనివలన తెలియుచున్నది. నిప్పు చిన్నదిగా ఉన్నప్పుడు ఆర్పుట సులభము.

పగ్గములు పట్టు భాగము

మనోనిగ్రహము గాలిలో ఉండు గుణము కాదు. అది మెదడులోని కొన్ని భాగములు చేయు పని. కంటికి చూపు ఎట్టిదో, కాలికి నడక ఎట్టిదో, ఈ భాగములకు నిగ్రహము అట్టిది.

ఎద్దుబండిని తలచుకొందము. మెదడు లోతున స్ట్రయేటం అను భాగము కలదు. ఇది ఎద్దుల జోడి వంటిది. ఆహారము, ఆట, స్నేహము, పనికి తగిన ఫలితము మొదలైనవాని వైపు మనలను లాగునది ఇదియే. ఈ లాగుట లేనిచో బండి కదలదు. నుదుటి వెనుక నుండు ముందుమెదడు బండి తోలువాడు. రేపటిని తలచుట, మంచిచెడ్డలు తూచుట, తప్పు దారి పట్టినప్పుడు ఆపుట దాని పనులు. ఈ రెంటిని కలుపు నాడీతంతువులు పగ్గములు.

ముందుమెదడు పూర్తిగా ఎదుగుటకు ఇంచుమించు 25 ఏండ్లు పట్టును. కావున 16, 17 ఏండ్ల వయస్సున ఎద్దులు బలిసియుండును. తోలువాడు ఇంకను పని నేర్చుకొనుచుండును. ఆ వయస్సుననే మత్తుమందు అధిక ప్రమాదకరమగుటకు ఇది ఒక కారణము. ఆ వయస్సుననే మన పిల్లలు ఇల్లు విడిచి పట్టణములకు చదువుకు పోవుచున్నారు.

తూము చెడిన చెరువు

ఎద్దులను కదిలించు సంకేతము డోపమిన్ అను రసాయనము. ఒక నాడీకణము దానిని విడుచును. ప్రక్కనున్న కణముపైగల గ్రాహకములు దానిని అందుకొనును. పని తీరిన పిమ్మట విడిచిన కణమే దానిని తిరిగి లోనికి పీల్చుకొనును. చెరువు తూము ఎత్తి మడికి కావలసినంత నీరు విడిచి, మిగులు నీరు కాలువలో పోవునట్లు చేయు రైతు ఏర్పాటు వంటిదే ఇది.

కొకైన్ ఈ మిగులు కాలువను మూసివేయును. విడిచిన డోపమిన్ తిరిగి పోలేక నిలిచిపోవును. మెథాంఫెటమిన్ అంతకన్న ఘోరమైన పని చేయును. అది కణములోనికి చొరబడి, అక్కడ నిలువచేసిన డోపమిన్‌ను కూడ బయటికి నెట్టివేయును. తూము తెగి మడి మునిగినట్లగును. అన్నము తిన్నప్పుడు గాని, పంట ఇంటికి వచ్చినప్పుడు గాని కలుగు సంతోషము దీని ముందు చాల చిన్నది.

మాటిమాటికి మునిగిన మడిలో పైరు కుళ్ళును. మెదడు కూడ ఈ వెల్లువకు తట్టుకొనుటకై గ్రాహకములను తగ్గించుకొనును. అందువలన రెండు నష్టములు కలుగును. మొదటిది, సామాన్య సుఖములు చప్పబడును. బిడ్డ నవ్వు, మిత్రుల మాట, చేసిన పనికి దొరకిన కూలి అతనికి సంతోషమీయవు. రెండవది, మందు దొరకిన వీధి, దానిని పంచుకొన్న మిత్రుడు, ఫోను మ్రోత, చేతికి వచ్చిన డబ్బు మొదలైన గుర్తులు మెదడులో లోతుగా నాటుకొనును. ఆ గుర్తు కనబడిన క్షణమున ఎద్దులు ఉరుకును.

ఒట్టు పెట్టుకొన్నది తోలువాడు; ఎద్దులు శాంతముగా నున్న వేళ పెట్టుకొన్నది. గుర్తు ఎదురైన వేళ పగ్గములు పలుచబడియుండుటచే అతడు ఆపలేకపోవుచున్నాడు. ఒట్టు అబద్ధము కాదు. దానిని నిలుపవలసిన అంగమే దెబ్బతిన్నది.

మెదడు చిత్రములు చూపినది

ఇది ఊహ కాదు. బ్రతికియున్న మనుష్యుని మెదడును కోయకుండ చూచు యంత్రములు నేడు కలవు. అమెరికాలో నోరా వోల్కోవ్ అను శాస్త్రవేత్తయు, ఆమె సహచరులును కొకైన్, మెథాంఫెటమిన్ వాడినవారి మెదడులను పరీక్షించి, స్ట్రయేటంలో డోపమిన్ గ్రాహకములు తక్కువగా నున్నవనియు, అవి తగ్గినవారిలో ముందుమెదడు చురుకుదనము కూడ తగ్గినదనియు చూపిరి.

2004లో లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు, సగటున పదేండ్లు మెథాంఫెటమిన్ వాడిన 22 మందిని, వాడని 21 మందితో పోల్చి చూచిరి. వాడినవారిలో జ్ఞాపకమునకు ముఖ్యమైన హిప్పోకాంపస్ అను భాగము సగటున 7.8 శాతము చిన్నదిగా నుండెను. మనస్సును నిలుపుటకును, ఉద్రేకములను అదుపుచేయుటకును తోడ్పడు సింగ్యులేట్ అను భాగములో బూడిదరంగు పదార్థము 11.3 శాతము తక్కువగా నుండెను. నాడీకణముల ముఖ్యదేహములు ఉండునది ఆ పదార్థముననే.

అన్నదమ్ముల పరీక్ష

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. మందు వలన మెదడు చెడినదా? లేక మెదడు పుట్టుకతో అట్లుండుటచే అతడు మందువైపు మరలెనా? ఈ సందేహము తీర్చుటకు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కరెన్ ఎర్షె అను పరిశోధకురాలును, ఆమె సహచరులును ఒక చక్కని ఉపాయము చేసిరి. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన 50 జంటలను ఎన్నుకొనిరి. ప్రతి జంటలో ఒకరు ఉత్తేజకములకు బానిసయైనవారు. రెండవవారు అట్టి వ్యసనము లేనివారు. వీరిని బయటి ఆరోగ్యవంతులతో పోల్చి, ఫలితములను 2012లో ప్రకటించిరి.

పరీక్ష సులభమైనది. ఒక గుర్తు కనబడగానే మీట నొక్కవలెను. కాని నొక్కబోవుచుండగా "ఆగుము" అను సంకేతము వినబడినచో చేయి వెనుకకు తీయవలెను. ఎంత త్వరగా ఆపగలడను దానిని లెక్కింతురు. వ్యసనపరులు దీనిలో వెనుకబడిరి. ఆశ్చర్యమేమనగా, వ్యసనము లేని వారి తోబుట్టువులును వెనుకబడిరి. మెదడు చిత్రములలోను ఇద్దరికిని పగ్గముల వంటి తంతువులయందు, స్ట్రయేటం ప్రాంతమునందు పోలిక గల భేదములు కనబడెను.

దీనివలన రెండు సంగతులు గ్రహింపవలెను. కొందరికి పుట్టుకతోనే పగ్గములు కొంత వదులుగా నుండవచ్చును. అట్టివారిని మందు సులభముగా లోబరచుకొనును. అంతమాత్రమున అది తలవ్రాత కాదు. అదే మెదడు తీరుగల తోబుట్టువు వ్యసనములో పడక బ్రతుకుచున్నాడు కదా! కావున ఒక ఇంటిలో ఒకడు పడినచో ఆ వంశమంతయు ఇంతేయని తీర్మానింపకూడదు. ఆ ఇంటి మిగిలిన పిల్లలకు ముందుగా అండనీయవలెను.

మానినచో మెదడు బాగుపడునా?

బాగుపడును, కాని నెమ్మదిగా. 2001లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో వోల్కోవ్ బృందము మెథాంఫెటమిన్ మానిన ఐదుగురిని రెండుసార్లు పరీక్షించెను. మొదటిది మానిన ఆరు నెలలలోపు. రెండవది 12 మొదలు 17 నెలల పిమ్మట. డోపమిన్‌ను తిరిగి పీల్చుకొను ద్వారములు స్ట్రయేటంలో 16 మొదలు 19 శాతము వరకు పెరిగినట్లు కనబడెను. అయినను జ్ఞాపకము, చేతుల నేర్పు మొదలగు పరీక్షలలో అంతటి మెరుగు కనబడలేదు. పరీక్షింపబడినవారు కొలదిమందియే. అయినను ఒక సంగతి తెలియుచున్నది: మాన్పుటకు వారములు చాలవు. సంవత్సరము, అంతకు మించిన ఓపిక కావలెను. విరిగిన కాలికి కట్టు కట్టి మూడవ దినమున బస్తా మోయుమనము గదా!

ఉత్తేజకముల వ్యసనమునకు ప్రత్యేకముగా ఆమోదము పొందిన మందు ఇంతవరకు లేదు. వైద్యుల సలహా, ఆలోచనలను దిద్దు మానసిక చికిత్స, కుటుంబపు తోడ్పాటు ముఖ్యమైనవి. వీనిలో ఒక పద్ధతి మంచి ఫలితములు చూపినది. మూత్రపరీక్షలో మందు జాడ లేదని తేలినప్పుడెల్ల అతనికి చిన్న బహుమానము నిత్తురు. చప్పబడిన మెదడునకు మంచి పనిలోని సంతోషమును మరల రుచి చూపుటయే ఇది.

మానిన తొలి దినములు కష్టమైనవి. విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు కలుగును. కొందరికి చావవలెనను తలంపు కూడ రావచ్చును. ఆ దినములలో వానిని ఒంటరిగా విడువరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, గుర్తించుట. రాత్రులు నిద్ర లేకుండుట, ఆకలి పోయి బక్కచిక్కుట, కనుపాపలు పెద్దవగుట, అదుపులేని మాటలు, కారణము లేని అనుమానము, వినబడని మాటలు వినబడుచున్నవనుట, ఇంటిలో డబ్బు మాయమగుట లక్షణములు. వీనిలో ఒకటి రెండు కనబడినంతమాత్రమున ముద్ర వేయరాదు, వైద్యునికి చూపవలెను. గుండెనొప్పి, మూర్ఛ, ఒళ్ళు కాలిపోవునంతటి వేడి కనబడినచో వెంటనే 108కి ఫోను చేయవలెను.

రెండవది, జరిమానా వేయుట, వెలివేయుట మానుట. జరిమానా అతని ఇంటివారి అప్పు పెంచును. వెలి అతనిని మందు ఇచ్చు స్నేహితుని వద్దకే తరుమును. దెబ్బతిన్న తోలువానికి శిక్ష వేసినంతమాత్రమున పగ్గములు గట్టిపడవు.

మూడవది, చికిత్సకు పంపుట. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్టణములోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఇట్టివారికి తోడ్పడు ప్రభుత్వ సంస్థలు. వ్యసన విముక్తికి 14446, మానసిక వేదనకు 14416 అను నంబర్లకు ఎవరైనను ఫోను చేయవచ్చును.

నాల్గవది, భయము తీర్చుట. పోలీసులు పట్టుకొందురను భయమున అనేక కుటుంబములు విషయమును దాచుకొనుచున్నవి. ఎన్.డి.పి.ఎస్. చట్టములో 64ఎ అను విభాగము కలదు. స్వల్ప పరిమాణమునకు గాని, స్వయముగా వాడినందుకు గాని నేరారోపణకు గురియైన వ్యసనపరుడు, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపుగల సంస్థలో చికిత్సకు చేరినచో, ఆ నేరమునకు అతనిపై విచారణ జరుగదు. చికిత్సను పూర్తిచేయకున్నచో ఈ రక్షణ తొలగింపబడవచ్చును. ఈ సంగతిని గ్రామసభలో చదివి వినిపింపవలెను.

ఐదవది, అమ్మువానిని ఉపేక్షింపకుండుట. వాడువాడు రోగి, అమ్మువాడు నేరస్థుడు. మూతపడిన కర్మాగారమున గాని, ఊరి చివర షెడ్డులో గాని రాత్రివేళ ఘాటైన రసాయనపు వాసనలు, అపరిచితుల రాకపోకలు ఉన్నచో తెలంగాణలో 1908కి, ఆంధ్రప్రదేశ్‌లో 1972కు, దేశములో ఎక్కడనుండియైనను 1933కు తెలుపవచ్చును.

ఆరవది, పట్టణమునకు చదువుకు పోవు పిల్లలతో సంబంధము తెగకుండ చూచుట. ప్రతి వేసవిలో ఊరి పాఠశాలలో ఒక సభ జరిపి, వైద్యాధికారిచేత ఈ విషయములు చెప్పింపవచ్చును. భయపెట్టు బొమ్మలకన్న ఎద్దులు, తోలువాడు, పగ్గములు అను ఈ పోలిక పిల్లలకు బాగుగా గుర్తుండునని మా నమ్మకము.

ఏడవది, తిరిగివచ్చినవానికి పని చూపుట. చికిత్స పొంది వచ్చిన యువకుడు అరుగుపై ఊరక కూర్చున్నచో పాత గుర్తులే అతనిని పిలుచును. పొలములోనో, పాలకేంద్రములోనో, ఉపాధి పనులలోనో అతనికి చోటు కల్పింపవలెను. ఒకసారి జారినచో అంతయు పోయినదని తలపరాదు. నడక నేర్చుకొనువాడు పడుట సహజము. వెంటనే మరల వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

పంచాయతీ సభ్యులారా! మీ ఊరిలో ఒక తల్లి ఈ బాధను ఎవరికిని చెప్పుకొనలేక దాచుకొని యుండవచ్చును. ఊరు తన బిడ్డను వెలివేయునని తోచిన దినము ఆమె నోరు విప్పదు. వైద్యునివద్దకు తోడు వచ్చునని తోచినచో ఆమె ముందుగానే చెప్పును. ముందుగా తెలిసిన రోగమునకు చికిత్స సులభము. ఆ నమ్మకమును కలిగించుట మీ చేతిలోని పని. రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును చేర్చవలసినదిగా మనవి చేయుచున్నాము.